సున్న మీద ఆకు పెడితే ‘ర’ అవుతుంది: బుల్లెట్ జర్నల్‌కు తెలుగు అక్షరాల్లో పన్నెండు నెలల హెడ్డింగులు

ఈ కేసులో పని ఇది: 2026 సంవత్సరానికి ఒక ఎ5 చుక్కల పుస్తకంలో జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు నెలల హెడ్డింగులు చేత్తో, తెలుగులో గీయాలి. అన్నీ ఒకే కుటుంబంలా కనిపించాలి, దూరం నుంచి చూసినా చదవగలగాలి, కింద రాయబోయే రోజుల పట్టికకు చోటు మిగలాలి.

బుల్లెట్ జర్నల్ అంటే రోజులూ పనులూ చేత్తో రాసుకునే పుస్తకం. దాన్ని రూపొందించిన రైడర్ కారల్ 2013లో బయటపెట్టిన అసలు పద్ధతిలో అలంకారం ఊసే లేదు. ఎడమ పేజీలో నెల పేరు, దాని కింద వరసకు ఒక రోజు. కుడి పేజీలో ఆ నెల పనులు, అంతే. బొమ్మలూ రంగులూ తర్వాత వాడుకరులు చేర్చుకున్నవి. ఆన్‌లైన్‌లో దొరికే పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ లిపికి రాసినవి. వాటిని యథాతథంగా తెలుగు అక్షరాల మీద రుద్దితే ఏమవుతుందో ఈ సెట్ మొదటి చిత్తుల్లోనే తేలింది. ఇంగ్లిష్‌లో చివరి అక్షరం తోకను ఎంత సాగదీసినా మాట మారదు. తెలుగులో ఆ తోక ఒక అచ్చు. రు కొమ్మును వయ్యారంగా సాగదీస్తే రూ, రి గుడికి చివర ఒక చుట్టు వేస్తే రీ. కాబట్టి ‘ఏ అలంకారం బాగుంటుంది’ అని కాకుండా ‘ఈ మాటలో గుణింతం వాడుకోని చోటు ఏది’ అని చూసుకుంటూ ఈ డిజైన్ చేయాల్సి వచ్చింది.

కొలతలు

వాడిన పుస్తకంలో చుక్కల మధ్య దూరం 5 మి.మీ. పేజీకి నిలువునా 38 గళ్లు, అడ్డంగా 26. ముప్పై ఒక్క రోజుల నెలకు 31 వరసలు పోతే పైన మిగిలేది 7 గళ్లు, అంటే 35 మి.మీ. అందులో ఒక గడి హెడ్డింగుకూ పట్టికకూ మధ్య ఎడంగా వదలాలి. మిగిలింది 6 గళ్లు: 30 మి.మీ. ఎత్తు, 130 మి.మీ. వెడల్పు. పన్నెండు నెలలూ ఈ పట్టీలోనే ఇమడాలి. ఫిబ్రవరికి మూడు వరసలు అదనంగా మిగులుతాయి కానీ వాటిని హెడ్డింగుకు ఇవ్వలేదు. ఆ ఒక్క పేజీ మిగతావాటి పక్కన ఉబ్బినట్టు కనిపిస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలకు నాలుగు గీతల కాపీ పుస్తకం ఎలాగో, తెలుగుకు మూడు అంతస్తులు అలాగ. పైన తలకట్టు, గుడి, ఎత్వాలకు 1 గడి (5 మి.మీ.). మధ్యలో అక్షరం ఒంటికి 3 గళ్లు (15 మి.మీ.). కింద ఒత్తులకు 2 గళ్లు (10 మి.మీ.). మొదట ఒంటికి 4 గళ్లు, ఒత్తుకు ఒక గడి ఇచ్చి చూస్తే మార్చిలో చ ఒత్తు నలిగిపోయి చీమలా తయారైంది. ఒత్తు ఒంటి ఎత్తులో సగానికి తగ్గితే దూరం నుంచి చదవలేం. 8 నుంచి 9 మి.మీ. ఒత్తు ఈ కొలతకు సరిపోయింది.

ఇక్కడొక లెక్క వేసుకోవాలి. పన్నెండు పేర్లలో కింది అంతస్తును వాడుకునేవి ఏడు: ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. జూలైలో ఒత్తు లేదు కానీ ఐత్వం కింది ముక్క లై కిందికి దిగుతుంది. కింద ఖాళీగా ఉండేవి ఐదు: జనవరి, మే, జూన్, నవంబరు, డిసెంబరు. బొమ్మలు ఎక్కడ వేయాలన్నది ఈ లెక్కను బట్టే తేలింది. కింద ఖాళీ ఉన్న ఐదింటికి బొమ్మలు అక్షరాల కింద బారుగా, మిగతా ఏడింటికి మాటకు ఎడమవైపు.

ఎడమవైపే ఎందుకంటే, తెలుగు గుణింతపు గుర్తులు అక్షరానికి పైనో, కుడివైపో, కిందో వస్తాయి. హిందీలో ఇకారంలా, తమిళంలో ఎకారంలా అక్షరానికి ముందు వచ్చి కూర్చునే గుర్తు మనకు లేదు. ఎడమ నుంచి కిందికి చుట్టుకు వచ్చేది క్రావడి (ర ఒత్తు) ఒక్కటే. అందుకే మాట మొదలుకు ముందున్న చోటు తెలుగులో అన్నిటికన్నా భద్రమైనది. పెద్ద బొమ్మ, పొడుగాటి తీగ, రంగు మచ్చ, ఏదైనా అక్కడ పెట్టొచ్చు.

పేరు ఎలా రాయాలి

సెప్టెంబర్, సెప్టెంబరు రెండూ వాడుకలో ఉన్నవే. హెడ్డింగుకు మాత్రం ఏదో ఒకటి ఖాయం చేసుకుని సంవత్సరమంతా దానికే కట్టుబడాలి. ఇక్కడ రు తీసుకున్నారు. పొల్లు నిటారుగా పై అంతస్తులోకి లేస్తుంది, మాట కుడిచివర కొమ్మల్లే పొడుచుకొస్తుంది. కొమ్ము మాత్రం ఒంటి ఎత్తులోనే కుడివైపు తిరిగి మాటను మూసేస్తుంది. ఇంకో లాభం: సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు నాలుగూ ‘బరు’తో ముగుస్తాయి, జనవరి, ఫిబ్రవరి రెండూ ‘వరి’తో. ఈ రెండు ముక్కలను ట్రేసింగ్ కాగితం మీద ఒక్కసారి చక్కగా గీసుకుంటే సగం సెట్‌కు చివరి భాగం తయారైనట్టే. బరు ముక్క వెడల్పు 38 మి.మీ.: బ 15, ఎడం 3, రు 20.

మార్చిని వలపలగిలకతో (ముందు పలికే ర్‌ను అక్షరానికి కుడివైపు రాసే పాత గుర్తు) రాస్తే చ ఒత్తు బాధే ఉండదు, కింది అంతస్తు ఖాళీ అవుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ ఇవాళ్టి పాఠకుడు దాని దగ్గర తట్టుకుని ఆగుతాడు. నెల పేరు దగ్గర ఆగాల్సి రాకూడదు. వదిలేశారు.

పనిముట్లు

2హెచ్ పెన్సిల్, 15 సెం.మీ. స్టీలు స్కేలు, పిండిలా మెత్తగా ఉండే రబ్బరు, ట్రేసింగ్ కాగితం, పిగ్మెంట్ సిరా పెన్నులు మూడు: పిగ్మా మైక్రాన్ 01 (0.25 మి.మీ.), 03 (0.35 మి.మీ.), 08 (0.5 మి.మీ.). రంగుకు నీటి ఆధారపు బ్రష్ పెన్నులు నాలుగు షేడ్లు, నీడకు లేత బూడిద ఒకటి. ఆల్కహాల్ మార్కర్లు వద్దు. 80 జీఎస్ఎం కాగితంలో అవి అవతలి పేజీకి దిగుతాయి. నీటి రంగు కూడా వెనక నీడలా తెలుస్తుంది గానీ దిగదు. అయితే రెండు పొరలే. మూడో పొర వేస్తే కాగితం పీచు లేచి బ్రష్ మొనకు అంటుకుంటుంది, మొన కూడా చెడుతుంది.

బ్రష్ పెన్నుతోనే నేరుగా అక్షరాలు రాయొచ్చు కదా అంటే, ఈ కేసులో ప్రయత్నించి మానేశారు. కిందికి దిగే గీత లావు, పైకి లేచే గీత సన్నం అన్నది ఇంగ్లిష్ బ్రష్ రాత సూత్రం. తాటాకు మీద గంటంతో గీసిన లిపి మనది. మొదటి నుంచీ ఒకే లావు గీతకు అలవాటు పడింది. పైగా రు కొమ్ము కింద నుంచి పైకి లేస్తుంది. సూత్రం ప్రకారం అది సన్నబడుతుంది. ఐదు నెలలు కొమ్ముతోనే ముగుస్తాయి కాబట్టి ఆ ఐదూ చివర్లో ఊపిరి అయిపోయినట్టు కనిపించాయి. అందుకే ముందు ఒకే లావు అస్థిపంజరం గీసి, తర్వాత చుట్టూ అంచు తీసి, లోపల రంగు నింపే పద్ధతికి మారారు.

గీసే వరస

ముందు పెన్సిలుతో మూడు అంతస్తుల గీతలు, చాలా లేతగా. తర్వాత అక్షరాల అస్థిపంజరం, అంటే మామూలుగా రాసే రాతే, ఒకే గీతతో. ఎడాలు చూసుకోవాల్సింది ఇక్కడే. ఎడాన్ని ఒంటి దగ్గర కొలవాలి, తలకట్టు దగ్గర కాదు. తలకట్టు కుడివైపు వాలి పక్క అక్షరం నెత్తి మీదికి పోతుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే నవంబరు పళ్లూడిన నోరులా అవుతుంది. మామూలు ఎడం 3 మి.మీ. గుండ్రని వాటి మధ్య, అంటే సున్నకూ బకూ మధ్య, 2 చాలు. క్రావడి ఉన్న అక్షరానికి ముందు 5 కావాలి. ఏప్రిల్‌లో ఏకూ ప్రికీ మధ్య, ఫిబ్రవరిలో ఫికీ బ్రకూ మధ్య మొదట 3 ఇచ్చారు. క్రావడి వెళ్లి ముందు అక్షరాన్ని రాసుకుంది.

అస్థిపంజరానికి అటూ ఇటూ 1.5 మి.మీ. దూరంలో అంచు గీయాలి. అంటే గీత లావు 3 మి.మీ., ఒంటి ఎత్తులో అయిదో వంతు. ఇంతకు మించితే స, జ లాంటి వాటి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఒత్తుకు అదే నిష్పత్తి పట్టుకుంటే 1.7 దగ్గర వస్తుంది, కానీ కంటికి అది పీలగా కనిపిస్తుంది, 2 మి.మీ. ఇవ్వాలి. ఒత్తుగా దిగిన చకు తలకట్టు ఉండదు. మామూలుగా రాసేటప్పుడు ఈ తప్పు ఎవరూ చేయరు గానీ, పై అక్షరాన్ని ట్రేస్ చేసి చిన్నది చేసుకునే వాళ్లు తలకట్టుతో సహా దించేస్తారు.

మైక్రాన్ 03తో అంచు పూర్తిచేసి పది నిమిషాలు ఆగి, అప్పుడు పెన్సిలు చెరపాలి. రంగు ఆ తర్వాతే. రంగు వేశాక చెరపబోతే రెండు నష్టాలు: రంగు అలుముకుంటుంది, రంగు కింద చిక్కిన పెన్సిలు గీత ఇక పోదు. చెరిపినప్పుడు నల్ల సిరా కూడా కొంచెం వెలుస్తుంది కాబట్టి ఆఖర్న బయటి అంచును మాత్రం 08తో మరోసారి తిప్పాలి. లోపలి అంచు 03గానే ఉండనివ్వాలి. అక్షరం కాస్త ఉబ్బెత్తుగా వచ్చినట్టు అనిపించడానికి ఈ తేడా చాలు.

నీడ కుడివైపూ కిందా, 1 మి.మీ. బయటి అంచుకే. లోపలి గుండ్రాలకూ నీడ వేస్తే బ కడుపు నిండిపోయి నల్ల ముద్ద అవుతుంది.

నెలనెలా ఏం జరిగింది

ఎక్కువ పాఠం చెప్పింది నవంబరు. 2026లో దీపావళి నవంబరు 8న. మాట మధ్యలో గుండ్రని సున్న సిద్ధంగా ఉంది కాబట్టి దాన్నే ప్రమిద చేసి పైన జ్వాల పెట్టడం మొదటి ఆలోచన. పెట్టి చూస్తే ‘నవరబరు’ అయింది. గుండ్రం, దాని మీద వాలిన చిన్న మొన: ర రూపం అదే మరి. సెప్టెంబరులో సున్నను గుమ్మడికాయ చేసి తొడిమ పెట్టినా ఇదే గతి. సరే, మొన తీసేసి సున్న లోపల చుక్కలా వత్తి పెడదామంటే ఠ వాసన వేసింది. చివరికి సున్నను ఏ అతుకూ లేని ఉంగరంగా ఉంచి లోపల నారింజ రంగు మొత్తం నింపారు. ప్రమిదలు తొమ్మిది, 10 మి.మీ. ఎడంగా, కింది అంతస్తులో వరసగా. నవంబరుకు ఒత్తు లేదు కాబట్టి ఆ అంతస్తు ఉచితం. సున్న వ్యాసం 9 మి.మీ.; ఒంటి ఎత్తంతా ఇస్తే అంకెల్లో సున్నలా కనిపిస్తుంది.

డిసెంబరుకూ కింద ఖాళీయే. అక్కడ చామంతి రేకులు రాలుతున్నట్టు వేస్తే ఇంకో చిక్కు వచ్చింది. డ కింద సరిగ్గా ఒక రేకు నిలువుగా పడింది, ‘ఢిసెంబరు’ అయింది. డ, ద, చ, ప వీటి కింద చిన్న నిలువు గీత తగిలితే అది వెంటనే ఒత్తి పలికే అక్షరమైపోతుంది. బ కైతే కింద రేకు, పైన ఆకు రెండూ పడితే భ. అందుకని ఒంటికి 3 మి.మీ. లోపల నిలువుగా ఏదీ ఉండకూడదని నియమం పెట్టుకుని, రేకులన్నిటినీ అడ్డంగా పడుకోబెట్టారు.

జనవరికి ముగ్గు తప్ప మరో ఆలోచన అక్కర్లేదు, చుక్కల పుస్తకం మన చేతికి వచ్చాక ఇంకేం కావాలి. 7 చుక్కలు 7 వరసలు వేస్తే సరిగ్గా 6 గళ్లు, అంటే 30 మి.మీ. చతురస్రం, పట్టీ ఎత్తుకు అతికినట్టు సరిపోతుంది. సందు చుక్కల ముగ్గు కావాలంటే చుక్కలు గడి మధ్యలో పడతాయి, అచ్చైన చుక్కలు పనికిరావు. దీనికి దారి: అడ్డంగా చుక్క విడిచి చుక్క తీసుకోవాలి. నడుమ వరసలో 10 మి.మీ. ఎడంగా 4 చుక్కలు, పైకీ కిందికీ 3, 2, 1 చొప్పున 5 మి.మీ. వరసల్లో తగ్గించుకుంటూ పోతే సందు చుక్కలన్నీ అచ్చు చుక్కల మీదే పడతాయి. ఎత్తు 30, వెడల్పు 30. జనవరికి కింద ఖాళీ ఉన్నా, ముగ్గు పట్టీ ఎత్తంతా తీసుకుంటుంది కాబట్టి అది ఎడమన, మాట దాని పక్కన. మైక్రాన్ 01తో గీస్తేనే మెలికలు విడివిడిగా కనిపిస్తాయి.

ఆగస్టులో కష్టమంతా చివరి అక్షరంలో. స్టులో స కుడి అడుగు నుంచి కొమ్ము బయల్దేరుతుంది, ట ఒత్తు కూడా ఆ మూలకే దిగుతుంది. రెండూ 3 మి.మీ. లావుతో అక్కడ కలిస్తే ఏది ఏదో తెలియదు. ఒత్తును 3 మి.మీ. ఎడమకు, స కడుపు కిందికి జరిపి, కొమ్మును అడుగు నుంచి కాకుండా కాస్త ఎగువ నుంచి మొదలుపెడితే విడిపోయాయి. అక్టోబరులో క్టో మూడు అంతస్తులూ ఆక్రమిస్తుంది: పైన ఓత్వం, నడుమ క, కింద ట. దాని చుట్టూ ఏ బొమ్మా వేయకుండా, బతుకమ్మను ఎడమవైపు 25 మి.మీ. వెడల్పులో నిలబెట్టారు. గునుగు తెలుపు, తంగేడు పసుపు, బంతి నారింజ, వరసకు ఒక రంగు. తెలుపుకు రంగు అక్కర్లేదు, కాగితమే చాలు.

జూన్, జూలైల్లో జూ కొమ్ము దీర్ఘాన్ని అలంకారం కింద జమకట్టి కురచ చేయొద్దు. అది ‘జున్’ అయితే జున్నుకు అరడుగు దూరంలో ఉన్నట్టే. ‘మే’లో ఏత్వం చుట్టు కూడా అంతే, విప్పితే మె.

మేతో అసలు సమస్య వేరే. ఒక్క అక్షరం, 22 మి.మీ. వెడల్పు, పక్కన వంద మి.మీ. పైగా ఎడారి. అక్షరం పెద్దది చేస్తే కుటుంబం చెడుతుంది. అందుకే కుడిచివర చిన్న నెల క్యాలెండరు పెట్టారు: 7 నిలువు గళ్లు, 6 అడ్డ వరసలు, పై వరసలో సో మం బు గు శు శ ఆ. 2026 మే 1 శుక్రవారం. సోమవారంతో మొదలుపెడితే ఐదు వారాల్లో అయిపోతుంది, పేర్ల వరసతో కలిపి ఆరు. ఆదివారంతో మొదలుపెడితే ఆరు వారాలై పట్టీ దాటుతుంది. క్యాలెండరు పెట్టే నెలలన్నిటికీ సోమవారమే నియమం చేసుకుందామంటే మార్చి అడ్డం తిరిగింది. 2026 మార్చి 1 ఆదివారం కావడంతో అక్కడ ఆరు వారాలొచ్చాయి. గోడ క్యాలెండర్ల చిట్కా వాడారు: 23 గడిలోనే గీత కొట్టి 30, 24 గడిలో 31.

చాంద్రమాసాల ఉపశీర్షిక

హెడ్డింగు కింద వదిలిన ఎడంలో ఆ నెలలో నడిచే మాసాల పేర్లు చిన్నగా రాయాలని అనుకున్నారు. మార్చిలో ఉగాది 19న కాబట్టి ‘ఫాల్గుణం – చైత్రం’. 5 మి.మీ. గడిలో ఒంటికి 3, ఒత్తుకు 2 మిగులుతాయి. మైక్రాన్ 01తో చాలావరకు కుదిరింది. దెబ్బతిన్నది జ్యేష్ఠం దగ్గర. జ్యలో య ఒత్తు కుడివైపు తోసుకొస్తుంది, ష్ఠలో ఠ ఒత్తు లోపలి చుక్క సిరాతో పూడుకుపోతుంది. 2026లో మే 17 నుంచి అధిక జ్యేష్ఠం వచ్చింది, అంటే మే, జూన్ రెండింటికీ ఉపశీర్షికలో జ్యేష్ఠం తప్పదు, జూన్‌కు రెండుసార్లు. అదృష్టం కొద్దీ ఇవే మాట పొడవులో పొట్టి నెలలు. ఈ రెండింటికి ఉపశీర్షికను ఎడం నుంచి తీసి హెడ్డింగు పక్కన ఖాళీలో రెట్టింపు ఎత్తులో, రెండు వరసలుగా పెట్టారు. ఠ చుక్క నిలబడింది. మేలో మాట 22, ఉపశీర్షిక 55, క్యాలెండరు 35, మధ్య ఎడాలతో కలిపి 130లో సరిపోయింది.

2027కి దాచుకోవాల్సినవి

ట్రేసింగ్ కాగితాల మీద నాలుగు మూలల చుక్కలు గుర్తు పెట్టి, వెనకవైపు 4బీ పెన్సిలు రుద్ది కవర్లో ఉంచితే మాటలన్నీ మళ్లీ వాడొచ్చు. మారేవి ఉపశీర్షికలూ చిన్న క్యాలెండర్లూ. ఉగాది 2027లో ఏప్రిల్ 7న, కాబట్టి మార్చి కింద చైత్రం రాదు. మార్చి 1 సోమవారం, ఐదు వారాల్లో ఇమిడిపోతుంది. మే 1 మాత్రం శనివారం పడింది. వారం ఆదివారంతో మొదలుపెట్టినా సోమవారంతో మొదలుపెట్టినా ఆరు వరసలే. సోమవారంతో వేస్తే 24 గడిలో గీత కొట్టి 31 రాయడమే.